మంచు దేశంలో హవానా పియానో

ఒకప్పుడు హవానా రాత్రులను ఊపేసిన విద్వాంసుడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు స్టాక్‌హోమ్ హోటళ్లలో, భోజనాల చప్పుళ్ల మధ్య పియానో వాయించుకుంటూ గడిపాడు. లోకం ఆయన్ని మరిచిపోయింది. 76 ఏళ్ల వయసులో ఒక ఫోన్ మోగింది...

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నడి చలికాలం వస్తే మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్ముకుంటుంది. బయట మంచు. హోటల్లో మాత్రం వెచ్చగా ఉంటుంది. బల్లల దగ్గర ప్లేట్లు, గ్లాసులు, నెమ్మదైన కబుర్లు. ఓ మూల పియానో ముందు నల్లటి నిలువెత్తు మనిషి. అడిగినవాళ్లకు అడిగిన పాట వాయిస్తాడు. అడగకపోతే తనకు తోచింది వాయిస్తాడు. తింటున్నవాళ్లలో కొందరు వింటారు, చాలామంది వినరు. ఆ మనిషి క్యూబా సంగీతంలో ఒక యుగానికి ప్రతినిధి అని అక్కడ ఎందరికి తెలుసు?

ఆయన పేరు బేబో వాల్దేస్. 1918 అక్టోబర్ 9న హవానాకు దగ్గర్లోని కివికాన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ఎత్తుకు తోటి కళాకారులు పెట్టిన ముద్దుపేరు 'కబయోన్'. అంటే పెద్ద గుర్రం! పియానో ముందు కూర్చుంటే మాత్రం ఆ భారీ మనిషి వేళ్లు పిచ్చుకల్లా వాలేవి.

ఐదు దెబ్బల లెక్క

బేబో సంగీతం రుచి తెలియాలంటే ముందు ఓ చిన్న లెక్క తెలియాలి. క్యూబా సంగీతానికి వెన్నెముక 'క్లావే'. రెండు గట్టి కర్ర ముక్కలు... మన హరిదాసు చేతి చిడతలకు దూరపు చుట్టాలనుకోవచ్చు. వాటిని ఒకదానికొకటి కొడుతూ ఐదే ఐదు దెబ్బలు వేస్తారు. పదహారు చిన్న మాత్రల ఆవర్తనంలో ఆ దెబ్బల మధ్య ఎడం 3, 3, 4, 2, 4. మృదంగం నేర్చినవాళ్లకు ఈ లెక్క ఇట్టే పట్టుబడుతుంది. మొదటి సగంలో మూడు దెబ్బలు, రెండో సగంలో రెండు. సగం ప్రశ్న, సగం జవాబు. కర్రలు కొట్టేవాడు లేకపోయినా ఆ ఐదు దెబ్బలూ వాయించే ప్రతి ఒక్కరి లోపలా మోగుతూనే ఉండాలి. తప్పారా, పాట కుంటుతుంది.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల డోళ్లు, స్పెయిన్ నుంచి వచ్చిన పాట కలిసి క్యూబా సంగీతం అయింది. 1940లలో న్యూయార్క్‌లో అది అమెరికన్ జాజ్‌ను కలుసుకుంది. మచీతో బృందంలో మారియో బౌసా, ఆ తర్వాత డిజ్జీ గిలెస్పీతో కలిసిన డోలు విద్వాంసుడు చానో పోసో ఆ పెళ్లికి పెద్దలు. అలా పుట్టిందే లాటిన్ జాజ్. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ న్యూయార్క్ దగ్గరే ఆగిపోతారు. అటువైపు హవానాలో కూడా అదే పని చేస్తున్నవాళ్లున్నారు. వాళ్లలో ముందు వరస మనిషి బేబో.

ఈ సంగీతంలో పియానో రాగం పలికించే వాద్యం మాత్రమే కాదు. అదీ ఒక డోలే. ఒక చిన్న స్వరాల ముక్కను పట్టుకుని, తాళానికి కాస్త పక్కగా, మళ్లీ మళ్లీ తిప్పి వాయిస్తారు. దాని మీదే గాయకులు, బూరలు, డోళ్లు ఆడుకుంటాయి. ఆ తిప్పడంలో బేబోది ప్రత్యేకమైన చెయ్యి. తొందర ఉండదు. గట్టిగా కొట్టడం ఉండదు. కానీ వింటున్నవాళ్ల కాలు మాత్రం ఊరుకోదు.

ట్రోపికానా రోజులు

1948 నుంచి దాదాపు పదేళ్లు హవానాలోని ట్రోపికానా నైట్‌క్లబ్‌లో బేబో పియానో వాద్యకారుడు, స్వరకర్త. చెట్ల మధ్య వేదిక, కళ్లు మిరుమిట్లు గొలిపే నాట్యాలు, అమెరికా నుంచి విమానాల్లో దిగే డబ్బున్న జనం... ఆ వైభవం అంతా ఇంతా కాదు. అర్మాందో రొమేయు నడిపే అక్కడి పెద్ద బృందానికి ఏ వాద్యం ఏం వాయించాలో కాగితం మీద పెట్టే పని బేబోది. ఈ పనికి చప్పట్లు పడవు. కానీ బృందం గొంతు అక్కడే తయారవుతుంది.

1952లో ఆయన రెండు పనులు చేశాడు. ఒకటి ఓడిపోయింది, ఒకటి నిలిచింది.

ఓడిపోయింది 'బతాంగా'. ఆయన సొంతంగా కట్టిన కొత్త దరువు. అందులో బాటా డోలును తెచ్చి నాట్య సంగీత బృందంలో పెట్టాడు. రెండు వైపులా చర్మం ఉండే ఈ డోలును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారు. ఆఫ్రికాలోని యొరుబా ప్రజల దేవతారాధనలో పుట్టిన వాద్యం అది. క్యూబాలోనూ పూజల్లోనే మోగేది. దాన్ని రేడియోకి, నాట్యానికి తేవడం చిన్న సాహసం కాదు. అప్పటికింకా మహాగాయకుడిగా పేరు మోగని బెన్నీ మోరే ఆ బృందంలో పాడాడు. అయినా జనం పెరెస్ ప్రాదో మాంబో మత్తులో ఉన్నారు. బతాంగా నిలవలేదు.

నిలిచింది 'కొన్ పోకో కోకో'. అమెరికన్ నిర్మాత నార్మన్ గ్రాంజ్ కోసం చేసిన రికార్డింగ్ అది. ముందే రాసిపెట్టుకున్నది వాయించకుండా, అప్పటికప్పుడు మనోధర్మంతో అల్లుకుంటూ పోయే ఈ పద్ధతిని క్యూబాలో 'దెస్కార్గా' అంటారు. హవానా స్టూడియోలో రికార్డయిన తొలి దెస్కార్గాగా దీన్ని చెబుతారు. కళాకారులు పని అయ్యాక తెల్లవార్లూ తమలో తాము వాయించుకునే సంగీతం అది. గ్రాంజ్ పుణ్యాన నలుగురి చెవినా పడింది.

మూడేళ్ల పిల్లాడి చేతులు

ఇంట్లో మరో కథ నడుస్తోంది. బేబో కొడుకు పేరు చూచో. వాడు పుట్టింది కూడా అక్టోబర్ 9నే, 1941లో. ఒకరోజు బయటికి వెళ్లిన బేబో, మరిచిపోయిన కాగితాల కోసం వెనక్కి వస్తే ఇంట్లోంచి పియానో వినిపించింది. తీరా చూస్తే వాయిస్తున్నది మూడేళ్ల చూచో! ఈ సంగతి చూచో తర్వాత చాలాసార్లు చెప్పాడు. పెద్దయ్యాక తండ్రి బృందం 'సబోర్ దె కూబా'లో కొడుకే పియానో ముందు కూర్చున్నాడు.

1959లో విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వం తీరు బేబోకు నచ్చలేదు. 1960 అక్టోబర్‌లో గాయకుడు రొలాందో లా సెరీతో కలిసి మెక్సికోలో కచేరీల ఒప్పందం మీద బయల్దేరాడు. వెనక్కి తిరగలేదు. భార్య, పిల్లలు హవానాలోనే ఉండిపోయారు. చూచోకు అప్పటికి 19 ఏళ్లు నిండి కొద్ది రోజులైంది.

ఇక్కడ బేబోను వెనకేసుకు రావడం కష్టం. అలాగని నిందించడమూ తేలిక కాదు. ఆ ఏళ్లలో క్యూబా దాటిన ఎన్నో కుటుంబాల కథ ఇదే. సముద్రానికి అవతల ఒకరు, ఇవతల ఒకరు.

మెక్సికో నుంచి స్పెయిన్. అక్కణ్నుంచి 'లెక్వోనా క్యూబన్ బాయ్స్' బృందంతో యూరప్ పర్యటన. 1963లో స్టాక్‌హోమ్‌లో ఆగినప్పుడు రోజ్ మేరీ అనే స్వీడిష్ యువతి పరిచయమైంది. ఆ ఏడాదే పెళ్లి. కొత్త కాపురం, కొత్త పిల్లలు, గడ్డకట్టే చలి. న్యూయార్క్ వెళ్లి ఉంటే పేరొచ్చేదేమో. ఆయన ఇల్లు ఎంచుకున్నాడు. ఇల్లు గడవడానికి హోటల్ పియానో ఎంచుకున్నాడు.

అక్కడ క్యూబాలో కొడుకు ఎదిగాడు. 1973లో చూచో స్థాపించిన 'ఇరాకేరే' బృందం జాజ్‌ను, రాక్‌ను, అవే బాటా డోళ్లను కలిపి కొత్త సంగీతం సృష్టించింది. తండ్రి చేతిలో ఓడిపోయిన ఆలోచన కొడుకు చేతిలో గెలిచిందన్నమాట! 1978లో ఆ బృందం న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వాయించడానికి వచ్చినప్పుడు తండ్రీకొడుకులు మళ్లీ ఎదురుపడ్డారు. మధ్యలో 18 ఏళ్లు గడిచిపోయాయి.

ఫోన్ మోగింది

1994లో ఫోన్ చేసింది శాక్సోఫోన్, క్లారినెట్ విద్వాంసుడు పకీతో దె రివేరా. ఒకప్పుడు ఇరాకేరేలో చూచో సహచరుడు. 1980లో ఆయనా క్యూబా వదిలాడు. 'జర్మనీలో రికార్డింగ్ ఉంది, వస్తావా?' అన్నది సారాంశం. 76 ఏళ్ల ముసలాయన వెళ్లాడు. ఉత్త చేతులతో కాదు, తాను కట్టిన కొత్త స్వరాలతో వెళ్లాడు. క్యూబాలో ఉంటున్నవాళ్లు, క్యూబా వదిలినవాళ్లు పక్కపక్కన కూర్చుని వాయించారు. ఆ ఆల్బమే 'బేబో రైడ్స్ అగైన్'.

వినిచూస్తే ఆశ్చర్యమేమిటంటే, ఎక్కడా తుప్పు లేదు. హోటళ్లలో గడిచిన ఏళ్లు వృథా అనుకునేవాళ్లు ఈ రికార్డు వినాలి. ఎవరూ వినని చోట రోజూ వాయించినవాడికి మెప్పించాలన్న ఆరాటం పోతుంది కాబోలు. ఒక స్వరం చాలినచోట రెండోది వేయడు. కుర్రకారు పియానో విద్వాంసులు నింపేసే ఖాళీల్ని ఆయన ఖాళీగానే వదిలేస్తాడు. ఆ ఖాళీలో క్లావే వినిపిస్తుంది.

2000లో స్పానిష్ దర్శకుడు ఫెర్నాందో త్రువేబా లాటిన్ జాజ్ మీద 'కాయే 54' అనే డాక్యుమెంటరీ తీశాడు. తీతో పుయెంతె, గాతో బార్బియేరి వంటి హేమాహేమీలున్న ఆ సినిమాలో అందరినీ కట్టిపడేసిన ఘట్టం తండ్రీకొడుకులది. ఎదురెదురుగా రెండు పియానోలు. ఒకవైపు బేబో, ఇంకోవైపు చూచో. వాయించింది ఎర్నెస్తో లెక్వోనా 'లా కొంపార్సా'. ఉత్సవాల ఊరేగింపు దూరం నుంచి వచ్చి, వీధిలో మన ముందు గొప్ప సందడి చేసి, మెల్లగా కనుమరుగవుతున్నట్టు సాగే రచన అది. చూచో మెరుపు వేగం ఉన్న విద్వాంసుడు. తండ్రి ఎదుట మాత్రం ఆ వేగాన్ని పక్కన పెట్టేశాడు. ఒకరి వాక్యాన్ని ఇంకొకరు అందుకుంటారు. మాటల్లేవు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే చూపులు మాత్రం ఉన్నాయి. ఆ రెండు పియానోల మధ్య దూరం ఎన్నేళ్లదో తెలిసినవాళ్లకు కళ్లు చెమరుస్తాయి.

నల్లని కన్నీళ్లు

ఆ తర్వాత వచ్చిన 'లాగ్రిమాస్ నెగ్రాస్' ఆయన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ పేరుకు అర్థం నల్లని కన్నీళ్లు. పేరు మీగెల్ మతమోరోస్ రాసిన పాత క్యూబా పాటది. ఈ ఆల్బమ్‌లో పాడింది దియేగో ఎల్ సిగాలా. స్పెయిన్ జిప్సీల ఫ్లమెంకో గాయకుడు. బేబో కంటే యాభై ఏళ్లు చిన్న. గరుకు గొంతు, పాడుతుంటే గాయం తెరుచుకున్నట్టుంటుంది. అలాంటి గొంతు పక్కన పియానో ఏం చేయాలి? ఏడుపుకు ఏడుపు జతచేస్తే మోత బరువు. బేబో ఆ పని చేయలేదు. దుఃఖంతో పాడే మనవడి భుజం మీద తాత చేయి వేసినట్టు, పక్కన నెమ్మదిగా నడిచాడు. 2003లో వచ్చిన ఈ రికార్డు స్పెయిన్‌లో విపరీతంగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది లాటిన్ గ్రామీ వచ్చింది.

బేబోను కొత్తగా వినేవాళ్లకు అందరూ దీన్నే సిఫారసు చేస్తారు. మంచిదే. కానీ నిజమైన బేబో కావాలంటే 'ఎల్ ఆర్తె దెల్ సబోర్' దగ్గరికి వెళ్లాలి. బాస్ మీద కచావో, కాంగా డోళ్ల మీద పతాతో, పియానో మీద బేబో. ముగ్గురూ తలపండిన హవానా మనుషులే. అరుగు మీద కూర్చుని పాత సంగతులు చెప్పుకుంటున్నట్టు వాయిస్తారు. దానికీ గ్రామీ వచ్చింది. పెద్ద బృందంతో చేసిన 'బేబో దె కూబా'కు 2006లో ఇంకొకటి. అవార్డులు ఎనభై దాటాక దారి కనుక్కుని వచ్చాయి.

2008లో తండ్రీకొడుకులు రెండు పియానోలతో పూర్తి ఆల్బమ్ చేశారు. దాని పేరు 'హుంతోస్ పారా సియెంప్రె'... ఎప్పటికీ కలిసే! అప్పటికి తండ్రి వయసు 90కి, కొడుకు వయసు 67కి దగ్గర. 2010లో దానికి లాటిన్ జాజ్ విభాగంలో గ్రామీ దక్కింది.

అదే ఏడాది త్రువేబా, బొమ్మల కళాకారుడు హవియేర్ మరిస్కాల్ కలిసి 'చీకో అండ్ రీటా' అనే యానిమేషన్ సినిమా తెచ్చారు. 1940ల చివరి హవానాలో ఓ యువ పియానో వాద్యకారుడి ప్రేమకథ. బేబో జీవితం ఛాయలు అందులో ఉన్నాయి. సినిమాను ఆయనకే అంకితమిచ్చారు. ఆస్కార్‌కు నామినేట్ అయింది కూడా. తెర మీద కుర్రాడి వేళ్లు పియానో మీద పరిగెడుతుంటే, వినిపించేది తొంభై ఏళ్ల బేబో వాదన. వెనకాల ఆనాటి హవానా వీధులు, కార్లు, ట్రోపికానా దీపాలు... గీసిన బొమ్మలే, కానీ ఎంత పచ్చిగా ఉన్నాయో!

చివరి రోజుల్లో అల్జీమర్స్ ఆయన్ని పట్టుకుంది. 2012లో రోజ్ మేరీ పోయింది. 2013 మార్చి 22న స్టాక్‌హోమ్‌లో బేబో కన్నుమూశాడు. వయసు 94. క్యూబా వదిలి అప్పటికి 52 ఏళ్లు దాటింది. ఈ మధ్యలో న్యూయార్క్, మాడ్రిడ్, బ్రెజిల్‌లోని బాయియా, ఇంకా ఎన్నో ఊళ్లు తిరిగి వాయించాడు. హవానాకు మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు.