గ్యాస్ రేడియంట్ ట్యూబ్ హీటర్లు: లేఔటు ఎలా వేస్తారు?

మెకానికల్ డిగ్రీ, డిప్లొమా చదివే మన పిల్లలు చాలామంది "హెచ్.వి.ఎ.సి. అంటే ఏసీ పనే కదా?" అని అడుగుతుంటారు. చల్లబరచడం అందులో ఒక భాగం మాత్రమే. నేను హోసూరు ప్రాంతంలో తెలుగు మీడియంలో చదువుకొని, ప్రస్తుతం బెంగుళూరులో ఒక డిజైను ఆఫీసులో పనిచేస్తున్నాను. మాకు వచ్చే పనిలో అమెరికా, కెనడా దేశాల గిడ్డంగులు, వర్కుషాపులు, విమానాల హ్యాంగర్లు ఎక్కువ. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోయే ఊళ్ళు ఉన్నాయి. అటువంటి చోట ఎత్తయిన షెడ్లను వేడిచేసే ఒక పద్ధతిని గురించి ఇక్కడ వివరిస్తాను.

పనిచేసే తీరు

ఎత్తయిన షెడ్డులోకి వేడిగాలిని ఊదితే అది పైకప్పు కిందికి చేరిపోతుంది. పని చేసేవాడి కాళ్ళు మాత్రం చల్లగానే ఉంటాయి. రేడియంట్ ట్యూబు పద్ధతి వేరు. గొట్టానికి ఒక చివర బర్నరులో సహజవాయువు గాని, ప్రొపేన్ గాని మండుతుంది. ఆ వేడి వాయువులు సుమారు 100 మి.మీ. వ్యాసం గల ఉక్కు గొట్టంలో ప్రయాణించి రెండో చివర నుంచి బయటికి పోతాయి. వేడెక్కిన గొట్టం పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. పైనున్న రిఫ్లెక్టరు రేకు వాటిని కిందికి మళ్ళిస్తుంది. చలికాలం ఉదయం నీడలోంచి ఎండలోకి వచ్చినట్లే, మనుషులకు, నేలకు, యంత్రాలకు ముందు వేడి తగులుతుంది. వాటి వల్ల గాలి తరువాత వేడెక్కుతుంది.

మొదట లెక్క

లేఔటు గీయడానికి ముందు భవనం ఎంత వేడిని పోగొట్టుకుంటుందో లెక్కించాలి. 200 చదరపు మీటర్ల గోడకు యు విలువ 0.5 అనుకుందాం. లోపల 16 డిగ్రీలు, బయట మైనస్ 20 డిగ్రీలు అయితే తేడా 36. అంటే 200 × 0.5 × 36 = 3,600 వాట్లు. ఇదే విధంగా పైకప్పు, తలుపులు, నేల అంచులు, సందుల్లోంచి వచ్చే చల్లగాలి అన్నీ కలపాలి. మొత్తం ఎంతో తెలిస్తే చాలదు, ఏ వైపు ఎంత పోతున్నదో కూడా తెలియాలి. వేడిని అక్కడే ఇవ్వాలి కనుక, గొట్టాలను సాధారణంగా బయటి గోడల వెంబడి నడుపుతాము.

బర్నరు ఏ వైపు?

గొట్టం పొడవునా వేడి ఒకే విధంగా ఉండదు. వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుందని మీరు చదివే ఉంటారు. బర్నరు వైపు గొట్టం 750 కెల్విన్, చివర 500 కెల్విన్ ఉంటే, బర్నరు వైపు వికిరణం సుమారు 5 రెట్లు. అందుచేత బర్నరును పెద్ద తలుపు దగ్గర, చల్లని మూలల్లో పెడతాము. రెండు తిన్నని గొట్టాలు పక్కపక్కన ఉంటే ఎదురెదురు దిశల్లో నడుపుతాము. వేడి సమంగా కావలసిన చోట యు ఆకారపు గొట్టం మంచిది.

ప్రాణాలకు సంబంధించిన విషయాలు

1. దూరం: మండే వస్తువులకు, గొట్టానికి మధ్య తయారీదారు చెప్పిన దూరం తప్పక ఉండాలి. ఇది మోడలును బట్టి మారుతుంది. గిడ్డంగిలో అట్టపెట్టెలను ఎంత ఎత్తు వరకు పేర్చవచ్చునో బోర్డు పెట్టాలి. హ్యాంగరులో అయితే అమెరికా గ్యాస్ కోడు ఎన్.ఎఫ్.పి.ఎ. 54 ప్రకారం అన్నిటికంటె ఎత్తయిన విమానం రెక్కల, ఇంజను కవచాల పైభాగం నుంచి హీటరుకు కనీసం 10 అడుగుల ఎడం ఉండాలి.

2. వ్యాకోచం: 15 మీటర్ల ఉక్కు గొట్టం సగటున 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 54 మి.మీ. పొడవు పెరుగుతుంది. అందుకే దానిని గొలుసులతో వేలాడదీస్తారు. గ్యాస్ పైపును వంగే కనెక్టరుతో కలుపుతారు. బిగుసుగా కలిపితే ప్రతిసారీ కీలు మీద ఒత్తిడి పడి చివరికి గ్యాస్ కారుతుంది.

3. పొగ: దహనం సరిగా జరగకపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. పొగగొట్టం బయటికి పోయే చోటు కిటికీలకు, గాలి లోనికి వచ్చే దారులకు దూరంగా ఉండాలి. లోపల దుమ్ము, రసాయనాల ఆవిరి ఉంటే మంటకు కావలసిన గాలిని బయటి నుంచే తేవాలి. పేలే స్వభావం గల ఆవిరి ఉన్నచోట ఈ సాధారణ హీటర్లు వాడనేకూడదు.

4. తేమ: బర్నరు శక్తికి మించి గొట్టం పొడవైతే చివర వాయువులు చల్లబడి ఆమ్లపు నీరు చేరుతుంది, గొట్టం తుప్పు పడుతుంది. మరీ పొట్టిదైతే వేడి పొగలోనే వృథా అవుతుంది.

ఇక థర్మోస్టాటు సంగతి. గాలిని మాత్రమే కొలిచే సాధారణ సెన్సారుకు వికిరణం తెలియదు. నల్లని గోళంలో ఉండే సెన్సారు రెండింటినీ కలిపి కొలుస్తుంది కనుక మనిషికి తగిలే వేడికి అది దగ్గరగా చెబుతుంది.

మా ఆఫీసులో చాలామందిమి ఆ భవనాలను ఎన్నడూ చూడము. అక్కడ ఫిట్టరు చేతిలో ఉండేది మా డ్రాయింగు ఒక్కటే. ఎత్తు, ఎడం, బర్నరు దిశ, గొలుసుల చోటు అన్నీ దాని మీద స్పష్టంగా ఉండాలి. "వాళ్ళే చూసుకుంటారులే" అనుకోకూడదు.

ఈ రంగంలోకి రాదలచినవారు ఉష్ణ ప్రసరణ పాఠాలను పరీక్ష కోసమే కాక శ్రద్ధగా చదవండి. క్యాడ్ నేర్చుకోండి. తయారీదారుల మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది, నిదానంగా చదివి అర్థం చేసుకొనే అలవాటు చేసుకోండి. ముందుగా మీ కాలేజీ వర్కుషాపును టేపుతో కొలిచి, బయట మైనస్ 20 డిగ్రీలనుకొని పైన చెప్పిన లెక్క వేసి చూడండి. గొట్టాలు ఎక్కడ వేలాడాలో ఆ లెక్కే మీకు చెబుతుంది.