కథలో ప్రేమకు సాక్ష్యం

కథలో ప్రేమను వర్ణించడం సులభం, నమ్మించడం కష్టం. నాయిక కన్నులను కలువలతో, నడకను హంసతో పోల్చినంత మాత్రాన ఆ ఇద్దరి నడుమ అనురాగం ఉన్నదని పాఠకుడు ఒప్పుకోడు. అతనికి సాక్ష్యం కావాలి. అది ఎట్టిదో తెలియగోరే విద్యార్థులు గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ను మరొకమారు చదవవలె. 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ఈ చిన్న కథను సంఘసంస్కరణ కథగానే తరగతులలో బోధించడం పరిపాటి. అది దాంపత్య కథ కూడా అన్న సంగతి మరుగున పడినది.

సాని పాట విని గోపాలరావు అర్ధరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరుతాడు. భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. అందులోని విషయానికంటె ముందు అతనిని నొప్పించినది సంబోధన. ప్రియుని పిలిచే పిలుపు పోయి, పరాయివానికి చూపే మర్యాద వచ్చినది. ఆ ఒక్క మాట మారినందుకే అతడు తల్లడిల్లినాడంటే, పాత పిలుపు అతనికి ఎంత ప్రియమో వేరే చెప్పనక్కరలేదు. వారి పూర్వపు అన్యోన్యతతో పుటలు నింపే అవసరం రచయితకు కలుగలేదు.

ఉత్తరం కంటబడకముందే నౌకరు రాముడిపై చేయి చేసుకుంటాడు, వెంటనే బుజ్జగిస్తాడు. చదువుకున్నవాడే గాని మాటకు మాట పొసగదు. ఇక్కడ ‘కన్యాశుల్కం’లోని గిరీశాన్ని తలచుకోవడం మేలు. బుచ్చమ్మను ఆకట్టుకొనే వేళ అతని వాక్కు తడబడదు; తడబడనందువల్లనే మనకు అనుమానం. ఒకే రచయిత చేతిలో అబద్ధపు వలపు అనర్గళమైనది, నిజమైన మమత తొట్రుపడినది. నాయకుని నోట దీర్ఘోపన్యాసం పెట్టబోయే కొత్త కథకులు ఈ తేడాను గమనించడం అవసరం.

మంచం క్రింద నుండి కమలిని నవ్వు వినిపించడంతో కథ ముగుస్తుంది. అన్ని రాత్రుల నిరీక్షణకు ఒక్క నవ్వు సమాధానమా అని కొందరికి తోచవచ్చును. ప్రశ్న సరియైనదే. అయితే పుట్టింటికి పోతున్నానని వ్రాసిన ఆ ఇల్లాలు గడప దాటనే లేదు. భర్త ఎవరిపై మండిపడతాడో, ఏమని వాపోతాడో దాగి తన చెవులతో విన్నది. (పరీక్ష పెట్టి వెనుక నిలబడి చూడడం ఉపాధ్యాయులకు కొత్త కాదు.) ఆ నవ్వులో క్షమ ఎంతో, గెలుపు ఎంతో రచయిత విడమరచలేదు. మరునాటి రాత్రి గోపాలరావు ఏ వేళకు ఇల్లు చేరినాడో కూడా చెప్పలేదు.