బిందువు రేఖపై ఉన్నదా?

జెబెల్ అలీ నుండి దుబాయి నగరానికి షేక్ జాయెద్ రహదారిపై ప్రయాణించేవారికి ఓడరేవు, బుర్జ్ అల్ అరబ్, బుర్జ్ ఖలీఫా ఒకే వరుసలో ఉన్నట్లు తోచవచ్చును. ఆ ఊహను పరీక్షించే మార్గాన్ని 1637లో రెనే డెకార్ట్ తన జ్యామితి గ్రంథంలో చూపాడు: స్థానాలను సంఖ్యలుగా, రేఖను సమీకరణంగా వ్రాయటమే ఆ మార్గం.

1979లో ప్రారంభమైన జెబెల్ అలీ ఓడరేవులో 55.060 డిగ్రీల తూర్పు రేఖాంశం, 25.010 డిగ్రీల ఉత్తర అక్షాంశం గల చోటును మూలబిందువు అనుకొందాము. డిగ్రీలో వెయ్యవ వంతు మన కొలత. తూర్పు దూరం ఎక్స్, ఉత్తర దూరం వై. ఇంత చిన్న ప్రాంతంలో భూమి వంపును విస్మరించవచ్చును. బుర్జ్ ఖలీఫా నిరూపకాలు (214, 187). కనుక మూలబిందువును దానితో కలిపే సరళరేఖ సమీకరణం:

214 × వై = 187 × ఎక్స్

బుర్జ్ అల్ అరబ్ నిరూపకాలు (125, 131). వీటిని ప్రతిక్షేపిస్తే ఎడమ పక్షం 28,034, కుడి పక్షం 23,375. రెండూ సమానం కావు. ఆ బిందువు రేఖపై లేదు. ఎడమ పక్షమే అధికం గనుక అది రేఖకు ఉత్తరాన, సముద్రంవైపు ఉన్నది. ఎక్స్ 125 అయినచోట రేఖపై వై విలువ సుమారు 109 మాత్రమే. తేడా 22, అనగా దాదాపు 2.4 కిలోమీటర్లు.

మన కొలతలో ఒక్క అంకె తేడా సుమారు 111 మీటర్లే. కనుక ఈ దూరం అంకెలను సవరించటంవల్ల ఏర్పడినది కాదు. కన్ను వరుస అన్నదానిని బీజగణితం కాదన్నది. పిల్లలు తమ ఇంటి నిరూపకాలను ఇదే సమీకరణంలో ప్రతిక్షేపించి, ఇల్లు రేఖకు ఏ వైపున ఉన్నదో తేల్చుకొనవచ్చును.