కోల్‌కతా, విశాఖల మధ్య బిలాస్‌పూర్: సరిహద్దులు దాటే నగరాల ప్రభావం

ఒక మహానగరం ప్రభావం సొంత రాష్ట్రపు పొలిమేరతో ఆగదు. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్ ఇందుకు చక్కని ఉదాహరణ.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్, ఆసన్‌సోల్ మార్గాన్ని బిలాస్‌పూర్ మీదుగా పూర్తి చేసింది. అప్పటి నుంచి శతాబ్దానికి పైగా ఈ పట్టణానికి సంబంధించిన ముఖ్య నిర్ణయాలు కోల్‌కతాలోనే జరిగాయి. వాల్తేరు మార్గం కూడా 1902లో అదే సంస్థ చేతికి వచ్చింది. ఉత్తరాంధ్ర యువకులకు రైల్వే కొలువు అంటే ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ అయింది. అక్కడి రైల్వే కాలనీలలో తెలుగు వినిపించడానికి మూలం ఇదే. 1931లో రాయపూర్, విజయనగరం మార్గం, 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభం కావడంతో ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి సముద్రం చేరువైంది.

పెత్తనం దూరాన ఉండటం స్థానికులకు రుచించలేదు. ప్రత్యేక జోన్ కోసం బిలాస్‌పూర్‌లో తీవ్రమైన ఆందోళనలే జరిగాయి. చివరకు 2003 ఏప్రిల్ 5న ఆగ్నేయ మధ్య రైల్వే ఈ పట్టణం ప్రధాన కేంద్రంగా పని ప్రారంభించింది. విచిత్రమేమంటే, బిలాస్‌పూర్ కన్నా ఎంతో పెద్దదైన నాగపూర్‌లోని ఒక డివిజన్ ఇప్పుడు ఈ జోన్ కిందే ఉంది. ప్రభావం ఎప్పుడూ పెద్ద ఊరి నుంచి చిన్న ఊరికే ప్రవహించాలన్న నియమం లేదన్నమాట.

అయితే కార్యాలయం వచ్చినంత మాత్రాన నగరాల అవసరాల ఒత్తిడి తగ్గలేదు. కోర్బా గనుల బొగ్గు ఈ పట్టాల మీదుగానే ఇతర రాష్ట్రాల విద్యుత్ కేంద్రాలకు తరలుతుంది. 2022 వేసవిలో బొగ్గు నిల్వలు తగ్గినప్పుడు గూడ్సు రైళ్లకు దారి ఇచ్చేందుకు ఈ జోన్‌లో అనేక ప్రయాణికుల రైళ్లను రద్దు చేశారు. దూరపు నగరాలలో దీపాలు ఆరకుండా ఉండేందుకు ఇక్కడి విద్యార్థి, చిరుద్యోగి, రోగి ప్లాట్‌ఫారంపై నిరీక్షించవలసి వచ్చింది. లెక్కల్లో సరుకు రవాణా ఆదాయం కనిపిస్తుంది. ఈ నిరీక్షణ కనిపించదు.

విశాఖ ఆకర్షణ మాత్రం పెరుగుతూనే ఉంది. 464 కిలోమీటర్ల రాయపూర్, విశాఖపట్నం ఆరు వరుసల రహదారిని చేపట్టారు. 2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. అది దుర్గ్‌లో బయలుదేరి రాయపూర్ మీదుగా దక్షిణానికి మళ్లుతుంది, బిలాస్‌పూర్‌ను తాకదు. అందులో ప్రయాణించదలచిన బిలాస్‌పూర్ తెలుగువారు ముందుగా మరో రైలులో రాయపూర్ చేరుకోవాలి. నేరుగా వెళ్లాలనుకునేవారికి కోర్బా నుంచి వచ్చే విశాఖ ఎక్స్‌ప్రెస్, తిరుపతి ఎక్స్‌ప్రెస్ వంటి పాత రైళ్లే ఆధారం.