ఆర్యపల్లి విద్యార్థులకు న్యాయశాస్త్ర పరిచయము

గంజాం జిల్లాలో ఛత్రపురమునకు సమీపమున, సముద్రతీరమున ఆర్యపల్లి కలదు. ఇచ్చటి మత్స్యకారులను ఒడియావారు నోళియాలందురు. వారి ఇండ్లలో వినవచ్చునది తెలుగు. మద్రాసు రాజధానిలోని ఈ భూభాగము 1936 ఏప్రిల్ 1న క్రొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరినది. కాలక్రమమున కచేరీ వ్యవహారము ఒడియాకు మారినది. ఇంటిపెద్దకు వచ్చిన తాఖీదును చదివి చెప్పవలసిన భారము తరచుగా బడిపిల్లవానిదే.

బరంపురమున న్యాయవాదులకు కొరత లేదు. అచ్చటనే 1894లో జన్మించిన వి.వి. గిరిగారు డబ్లినులో న్యాయశాస్త్రమభ్యసించి, స్వదేశమునకు వచ్చి ఆ వృత్తిని చేపట్టిరి. అయినను, వకీలు నొద్దకు పోవుటకు ముందు తెలియవలసిన సంగతులు కొన్ని కలవు. వానిని బడియే నేర్పవలెను.

రాజ్యాంగమును మొదటి పుటనుండి వల్లెవేయించుట నా దృష్టిలో వ్యర్థము. పాఠమును వలతో ప్రారంభింపవలయును. 1982 నాటి ఒరిస్సా సముద్ర మత్స్యగ్రహణ నియంత్రణ చట్టము ననుసరించి తీరమునుండి 5 కిలోమీటర్ల మేర సాంప్రదాయిక నావలకు ప్రత్యేకింపబడినది. దీనిని రాష్ట్రమేల చేసెను? చేపల వేట రాష్ట్రజాబితాలోని విషయము. ప్రాదేశిక జలములకు, అనగా 12 నాటికల్ మైళ్లకు, ఆవలి వేట కేంద్రమునకు చెందును. పటముపై ఈ గీతలను గీయించినచో అధికార విభజన పిల్లలకు సులభముగా బోధపడును.

ఋషికుల్యా ముఖమున తాబేళ్లు గ్రుడ్లుపెట్టును. వానిని 1972 నాటి వన్యప్రాణి చట్టము రక్షించుచున్నది. వానికొరకై ఆ ప్రాంతమున నవంబరు 1 నుండి మే 31 వరకు వేటపై నిషేధము విధింపబడుచున్నది. ఏడు మాసముల జీవనోపాధి చిన్న విషయమా? ఉపాధ్యాయుడు ఈ చిక్కును దాచక, తరగతిలో ఇరుపక్షముల వాదములను వినిపింపజేయవలెను.

తరువాత 22వ అధికరణము. నిర్బంధింపబడినవానికి కారణము తెలుపవలెను. ప్రయాణకాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట హాజరుపరుపవలెను. ముందుజాగ్రత్త నిర్బంధమున కారణములను ఆంగ్లమెరుగనివానికి ఆంగ్లముననే ఇచ్చుట చాలదని సర్వోన్నత న్యాయస్థానము 1962లో తీర్పు చెప్పినది. భాషకును స్వేచ్ఛకును గల సంబంధమును ఇంతకంటె స్పష్టముగా చూపు పాఠము దొరకదు.

1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలు, బాలురు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, అల్పాదాయవర్గములవారు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. అందులకు దరఖాస్తును ప్రతి విద్యార్థిచేతను మొదట తెలుగులో, పిదప ఒడియాలో వ్రాయింపవలెను.