పండుగ ముంగిలి

సంక్రాంతి వస్తున్నదంటే ఇంట్లో అందరికీ చేతినిండా పనే. అరిసెల సంగతి పెద్దలు చూసుకుంటారు. వాకిలి అలంకరించే పని మాత్రం మీరు తీసుకోవచ్చు. ముగ్గుగిన్నె పట్టుకోవటానికీ, తోరణం కట్టటానికీ మీ చేతులు చాలు. అయితే పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి ఆలోచించండి.

ఒక వీథిలో రెండు ఇళ్ళున్నాయి అనుకుందాం. మొదటి ఇంటివారు బజారునుంచి రంగుకాగితాలూ, తళుకు దండలూ, ప్లాస్టిక్ ఆకుల తోరణాలూ బుట్టెడు తెచ్చి, గోడ కనిపించకుండా వేలాడదీశారు. వాకిట్లో ఏడు రంగుల ముగ్గు పెట్టి, దాని చుట్టూ మరి నాలుగు ముగ్గులు పెట్టారు. రెండవ ఇంటివారు వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ఒక్క తెల్లముగ్గు పెట్టారు. గడపకు పసుపు రాశారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. అంతే.

దారిన పోయేవారు మొదటి ఇంటిని చూచి, “అబ్బో!” అంటారు. అక్కడ ఏమేమి చూశారో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు. రెండవ ఇంటిముందు వారి అడుగు నెమ్మదిస్తుంది. ముగ్గులోని పువ్వుకు ఎన్ని రేకులున్నాయో కూడా వారు చెప్పగలుగుతారు.

రెండవ ఇంటివారు గొప్ప చిత్రకారులేమీ కారు. కాని ఒక వస్తువు ఎలా కనిపిస్తుందన్నది దాని పక్కన ఏమున్నదన్నదాన్ని బట్టి ఉంటుందని వారికి తెలుసు. ఇది ఊరికే అన్న మాట కాదు. శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిన విషయం.

నల్లరంగు మీద ఫిర్యాదు

ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో గోబ్లాన్ అనే పేరుగల నేతశాల ఉన్నది. గోడలకు వేలాడదీసే బొమ్మల తివాసీలకు అది ప్రసిద్ధి. 1824లో మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అక్కడి అద్దకం పనికి అధికారి అయినాడు. నల్లరంగు సరిగా పట్టటం లేదనీ, నీలం, ఊదా రంగుల పక్కన అది వెలవెలబోతున్నదనీ ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఆ నూలును ఇతరచోట్ల అద్దిన నూలుతో పోల్చి చూశాడు. నల్లరంగులో ఏ లోపమూ లేదు! పక్కనున్న రంగులే దాన్ని అలా కనిపించేటట్టు చేస్తున్నాయి. ఏళ్ళ తరబడి ఈ సంగతిని పరిశీలించి 1839లో ఆయన ఒక పెద్ద పుస్తకం ప్రకటించాడు. అన్నట్టు, ఈ షెవ్రెల్ 102 ఏళ్ళు బతికాడు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించండి. ఒకటి తెల్లకాగితం మీదా, రెండవది నల్లకాగితం మీదా పెట్టండి. నల్లకాగితం మీది ముక్క ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. ముక్కలను అటూ ఇటూ మార్చి చూడండి. తెల్లదనం కూడా అటూ ఇటూ మారినట్టుంటుంది!

మన పల్లెల్లో ముగ్గుకు ముందు పేడనీళ్ళతో కళ్ళాపి చల్లటంలో ఈ కిటుకే ఉన్నది. నీళ్ళు పడగానే దుమ్ము అణుగుతుంది, మట్టి రంగు ముదురుతుంది. తడిసిన నేల పొడినేలంత వెలుతురును వెనక్కు పంపదు. అందువల్ల దాని మీద తెల్లముగ్గు మెరిసిపోతుంది. కాని తొందరపడకండి. నీరు నేలలోకి ఇంకినాకనే ముగ్గు పెట్టాలి. లేకపోతే గీతలు చెదిరిపోతాయి.

మొదటి అలంకారం ఖాళీయే

కాబట్టి అలంకరణ అంటే తెచ్చి పెట్టటం కన్న ముందు తీసివెయ్యటం. మూలనున్న విరిగిన బుట్టా, అరుగు మీది పాత చెప్పులూ, కిటికీలో పేరుకున్న కాగితాలూ తీసివెయ్యండి. బూజు దులపండి. అప్పుడు ఇంటికి సగం పండుగ వచ్చినట్టే.

పెంకుటిళ్ళవారు పండుగకు ముందు గోడలకు వెల్ల వేస్తారు. వెల్ల తడిగా ఉన్నప్పుడు గోడ అంత తెల్లగా ఉండదు. ఆరినకొద్దీ తెల్లదనం పెరుగుతుంది. సున్నపురాయిని బట్టీలో బాగా కాలిస్తే అందులో నుంచి బొగ్గుపులుసు వాయువు పోయి, సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే ఆ సున్నం సలసల కాగి, మెత్తబడుతుంది. గోడకు పూసినాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్ళీ పీల్చుకుని, సన్నని రాతిపొరగా మారుతుంది. అంటే వెల్లవేసిన గోడ రాతిచొక్కా తొడుక్కున్నదన్నమాట! సున్నం తడిపేటప్పుడు మాత్రం పిల్లలు దగ్గరకు పోరాదు. అది కంట్లో పడితే చాలా ప్రమాదం.

ముప్ఫై ఏడు చుక్కలు

ఇక ముగ్గు. పెద్ద ముగ్గు అక్కర్లేదు. “ఏడు చుక్కలు, నాలుగు దాకా, సందు చుక్క” అంటే మీ అమ్మమ్మగారికి వెంటనే అర్థమవుతుంది. ముందు ఒక వరుసలో 7 చుక్కలు పెట్టండి. దానికి పైన, చుక్కకూ చుక్కకూ మధ్య సందులలో 6 పెట్టండి. ఆ పైన 5, ఆ పైన 4. కింది వైపున కూడా అలాగే 6, 5, 4. మొత్తం ఎన్ని? 37.

ఇప్పుడు వీటినే ఇంకొక విధంగా లెక్కపెట్టండి. నట్టనడుమ ఒక చుక్క. దాని చుట్టూ 6. వాటి చుట్టూ 12. వాటి చుట్టూ 18. కూడి చూడండి, మళ్ళీ 37 వస్తుంది! చుక్కల మధ్య దూరాలు సమంగా ఉంటే అంచు ఆరు మూలలతో తేనెపట్టులోని గదిలా ఉంటుంది.

నడిమి చుక్క నుంచి దాని చుట్టూ ఉన్న 6 చుక్కలకూ ఆరు రేకులు గీయండి. బయటి 18 చుక్కలను ఒకే గీతతో కలపండి. మిగిలిన 12 చుక్కలను ఏమీ చెయ్యకండి. అవి మొగ్గలలాగా అలాగే ఉండనివ్వండి. వాటి చుట్టూ ఉన్న ఖాళీ నేల కూడా ముగ్గులో భాగమే. ఆ ఖాళీ వల్లనే పువ్వు కనిపిస్తుంది.

ముగ్గును చిన్నపనిగా చూడకండి. తమిళులు దీన్నే కోలం అంటారు. మద్రాసు పండితులు గిఫ్ట్ సిరొమొనీ, రాణి సిరొమొనీ, కమలా క్రితివాసన్ 1974లో కోలాల అల్లికకు లెక్కల సూత్రాలు కట్టి, కంప్యూటరు శాస్త్ర పత్రికలో ప్రకటించారు. వాకిట్లో వంగి ముగ్గుపెట్టే అమ్మల వేళ్ళలో అంత గణితం ఉన్నది మరి!

వీలైతే ముగ్గులో బియ్యప్పిండి వాడండి. రాతిపొడిని ఎవరూ తినరు. బియ్యప్పిండి అయితే చీమలకూ, పిచ్చుకలకూ కూడా పండుగే.

గుమ్మమూ, గడపా

తోరణానికి పది పన్నెండు మామిడాకులు చాలు. చెట్టు మీదికి మీరు ఎక్కవద్దు, పెద్దలను కోసి ఇమ్మనండి. ఆకు తొడిమ వైపును పురికొస మీదుగా మడిచి, ఈనెపుల్ల గుచ్చితే నిలుస్తుంది. ఆకుకూ ఆకుకూ మధ్య బెత్తెడు ఎడం ఉంచండి. కొమ్మనుంచి కోసినా మామిడాకు వెంటనే వాడిపోదు. దాని ఒంటి మీద సన్నని మైనపు పొర ఉండి, లోపలి నీటిని తొందరగా పోనివ్వదు. పండుగ మూడురోజులూ అది గుమ్మానికి పచ్చగా ఉంటుంది. తరువాత గలగలమని ఎండిపోతుంది. అప్పుడు దాన్ని మొక్క మొదట్లో వేస్తే మట్టిలో కలిసి ఎరువవుతుంది. ప్లాస్టిక్ ఆకు వాడదు, నిజమే. కాని పారవేశాక కూడా అది వాడదు! మురుగుకాలవకు అడ్డంపడి, ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది.

గడపకు పసుపు రాసేటప్పుడు ఒక తమాషా చూడండి. పసుపు అంటిన పాతగుడ్డ మీద సబ్బునీళ్ళ చుక్క వెయ్యండి. అక్కడ ఎర్రబడుతుంది. పసుపులోని రంగుకు క్షారం తగిలితే ఎర్రగా మారే గుణం ఉన్నది. పూర్వం నుంచీ పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేస్తున్నది ఈ గుణం వల్లనే. అంటే గడప మీది పసుపూ, కుంకుమా అక్కచెల్లెళ్ళు!

గొబ్బెమ్మల నెత్తిన పెట్టే బంతిపువ్వు మన సొంతం అనుకుంటాం. దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. గొబ్బెమ్మకు పెట్టే తీపిగుమ్మడి పువ్వుదీ ఆ అమెరికా ఖండమే. 1492లో కొలంబసు అమెరికా చేరిన తరువాతనే ఇటువంటి మొక్కలు సముద్రాలు దాటి ఇతర దేశాలకు వచ్చాయి. దూరం నుంచి వచ్చిన ఆ చుట్టాలను మన వాకిట్లో ఎంత బాగా కూర్చోబెట్టుకున్నామో చూడండి. ఒక గొబ్బెమ్మకు ఒక్క పువ్వు చాలు. దండలు గుప్పిస్తే ఆ ఒక్క పువ్వూ కనిపించదు.

పండుగ అయినాక

అలంకరణ మంచిదో కాదో పండుగ అయినాక తెలుస్తుంది. ముగ్గు చీమలకు పోయింది. ఆకులు మొక్కలకు పోయాయి. గొబ్బెమ్మలను పిడకలుగా తట్టి ఎండబెడితే, రథసప్తమి నాడు వాటి మంట మీద పరమాన్నం ఉడుకుతుంది. ఊడ్చి పారవేయవలసింది ఏమీ మిగలలేదు. ఖర్చు అంతకన్నా తక్కువ. నాన్నగారికి ఆ ఏడు పంట సరిగా రాకపోయినా, జీతం ఆలస్యమైనా ఇంటిముందు పండుగ తగ్గవలసిన పని లేదు. గుప్పెడు పిండీ, గుప్పెడు ఆకులూ, శుభ్రమైన వాకిలీ ఎవరికైనా దొరుకుతాయి. మేడమీది ఇళ్ళలో ఉండేవారికి తలుపుముందు మూడడుగుల చోటు ఉన్నా సరిపోతుంది. సిమెంటు నేలను తడిగుడ్డతో తుడిచి, చుక్కలు పెట్టండి.

ఒక పని మాత్రం మరిచిపోకండి. పండుగ చివరిరోజున వాకిట్లో రథం ముగ్గు పెడతారు. దాని తాడును వీథి వెంట గీసి, పక్క ఇంటి రథానికి కలుపుతారు. పక్క ఇంట్లో వంగి ముగ్గు పెట్టలేని బామ్మగారు ఉంటే, ఆమెను అడిగి ఆ వాకిట్లో రథం కూడా మీరే పెట్టండి. లేకపోతే వీథి పొడుగునా సాగవలసిన తాడు అక్కడ తెగిపోతుంది కదా!