ఒరిజినల్ జేడ్ గాజు... ఇంతకీ ఏది ఒరిజినల్?

‘మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ జేడ్!’

సింగపూర్‌కో హాంకాంగ్‌కో టూర్ వెళ్ళినవాళ్ళలో ఈ మాట వినకుండా తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. వెళ్ళనివాళ్ళకి ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లు ఇంట్లోనే వినిపిస్తున్నాయి. నున్నగా, పచ్చగా, చేతికి తగలగానే చల్లగా ఉండే రాతి గాజు. ఒకచోట వందల్లో దొరుకుతుంది. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నది మరోచోట లక్షల్లో ఉంటుంది. రెండుచోట్లా అమ్మేవాళ్ళు చెప్పే మాట మాత్రం ఒకటే... ఒరిజినల్!

తమాషా ఏమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. చిక్కంతా ఆ ‘ఒరిజినల్’ అనే మాటతోనే. జేడ్ గాజు కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఇది ఏ రాయి? దీనికి ఏం చేశారు? ఇప్పుడు ఎలా ఉంది? ఒక ప్రశ్నకి జవాబు చెప్పి, మూడింటికీ చెప్పేశామనిపించడమే ఈ వ్యాపారంలో అసలు కిటుకు.

ఒక పేరు, రెండు రాళ్ళు

జేడ్ అనగానే చాలామంది మన నవరత్నాల్లోని పచ్చ అనుకుంటారు. పచ్చ అంటే మరకతం, అది వేరే ఖనిజం. అలాగని జేడ్ మనకి మరీ కొత్తదీ కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువులకి ప్రత్యేకంగా ఒక గ్యాలరీయే ఉంది. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళకత్తి, విలుకాళ్ళు బొటనవేలికి పెట్టుకునే షాజహాన్ ఉంగరం ఆ మ్యూజియం సంపదలోవే.

మొఘలులు మోజుపడిన ఆ రాయి పేరు నెఫ్రైట్. ఇవాళ చైనాలో లక్షలు పోసి కొనే ఆకుపచ్చ గాజుల రాయి పేరు జేడైట్. వేల ఏళ్ళుగా చైనావాళ్ళు చెక్కుతూ వచ్చింది నెఫ్రైట్‌నే. మయన్మార్ నుంచి జేడైట్ అక్కడికి పెద్ద ఎత్తున చేరింది 18వ శతాబ్దంలో. ఈ రెండూ వేర్వేరు ఖనిజాలని 1863లో ఫ్రాన్స్‌కి చెందిన అలెక్సిస్ డమూర్ తేల్చాడు. అయితే అప్పటికే రెండింటికీ జేడ్ అన్న పేరు స్థిరపడిపోయింది. అందుకే ఇప్పటికీ రెండూ అసలు జేడ్ కిందే లెక్క.

నెఫ్రైట్ నూనె రాసినట్టు మెత్తని మెరుపుతో ఉంటుంది. జేడైట్ మెరుపు ఇంకాస్త తేటగా ఉంటుంది. ఆకుపచ్చే కాదు, తెలుపు, లేత ఊదా, పసుపు, నలుపు రంగుల్లోనూ వస్తుంది. నిండైన ఆకుపచ్చకి కారణం అందులోని క్రోమియం. రంగు, కాంతి లోపలిదాకా వెళ్ళే తేటదనం, రాయి అల్లిక ఎంత సన్నగా ఉందన్నది... ఈ మూడూ కలిసొస్తే ధరకి హద్దుండదు. 2014లో హాంకాంగ్‌లో సోద్‌బీస్ వేలంలో 27 జేడైట్ పూసల హారం 2 కోట్ల 74 లక్షల డాలర్లు పలికింది!

గాజుల ధర ఎక్కువగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. ఒక గాజు తీయాలంటే పగులు లేని వెడల్పాటి రాతి పలక కావాలి. దాన్ని గుండ్రంగా కోసి, మధ్యలో రాయిని తీసేయాలి. ఆ మధ్య ముక్కతో లాకెట్లు, ఉంగరపు రాళ్ళు చేసుకోవచ్చు. కానీ పలకలో ఎక్కడ చిన్న పగులున్నా గాజు మాత్రం రాదు.

పేరులో జేడ్, రాయిలో లేదు

మార్కెట్‌లో ‘ఇండియన్ జేడ్’ అని ఒకటుంది. అది అవెంచురిన్, అంటే మెరుపు రేణువులున్న క్వార్ట్జ్. ‘మలేసియా జేడ్’ రంగు వేసిన క్వార్ట్జ్ రాయి. ‘న్యూ జేడ్’ అంటే సర్పెంటైన్ అనే మెత్తని రాయి. ‘ఆస్ట్రేలియన్ జేడ్’ క్రిసోప్రేజ్. జేడ్ ముందు దేశం పేరో, ‘న్యూ’ అనో కనిపిస్తే ఒకసారి ఆగి, ఖనిజం పేరేమిటని అడగండి. ఇవేవీ చెడ్డ రాళ్ళు కావు, ముచ్చటపడి వేసుకోవచ్చు. జేడైట్ ధర పెట్టి కొంటేనే నష్టం. ఇక మన భాషలో చేతికి వేసుకునేదీ గాజే, గ్లాసూ గాజే. గాజుతో చేసిన గాజునే జేడ్ గాజని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు.

వంటింట్లో ఆర్కిమెడిస్

‘ఇది ఏ రాయి?’ అన్న మొదటి ప్రశ్నకి చాలావరకు ఇంట్లోనే జవాబు దొరుకుతుంది. స్కూల్లో బట్టీపట్టిన ఆర్కిమెడిస్ సూత్రం ఇన్నాళ్ళకి పనికొస్తుందన్నమాట. కావాల్సింది గ్రాములో పదో వంతు వరకు చూపించే డిజిటల్ త్రాసు, వెడల్పాటి గిన్నె, సన్న దారం.

ముందు గాజు బరువు చూడండి. తర్వాత నీళ్ళ గిన్నెని త్రాసు మీద పెట్టి రీడింగ్ సున్నా చేయండి. గాజుని దారంతో పట్టుకుని నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కీ అంచులకీ తగలకూడదు, గాజుకి బుడగలు అంటుకోకూడదు. ఇప్పుడు త్రాసు చూపించే అంకె, గాజు పక్కకి నెట్టిన నీటి బరువు. మొదటి బరువుని దీంతో భాగిస్తే రాయి సాంద్రత వచ్చేస్తుంది.

ఉదాహరణకి గాజు 50 గ్రాములుందనుకుందాం. నీళ్ళలో రీడింగ్ 15 చుట్టూ వస్తే సాంద్రత సుమారు 3.33, అది జేడైట్ అంకె. 17 వస్తే సుమారు 2.94, అది నెఫ్రైట్ అంకె. 19 దాకా వస్తే క్వార్ట్జ్ రకాలని అనుమానించాలి. 20 వస్తే గ్లాసో సర్పెంటైనో కావొచ్చు.

సాఫ్ట్‌వేర్ పనిలో మేం రోజూ గుర్తుచేసుకునే మాట ఒకటుంది. టెస్ట్ పాసైందంటే ఆ టెస్ట్ చూసినంత మేరకే సరిగ్గా ఉందని అర్థం. ఇక్కడా అంతే. ఐడోక్రేజ్ లాంటి కొన్ని రాళ్ళ సాంద్రత జేడైట్‌కి దగ్గరగానే ఉంటుంది. కాబట్టి అంకె దూరంగా ఉంటే ఆ గాజు జేడైట్ కాదని ధైర్యంగా చెప్పొచ్చు. దగ్గరగా ఉంటే తర్వాతి పరీక్షకి అర్హత సాధించిందని మాత్రమే.

ఇక వెంట్రుక చుట్టి నిప్పు పెట్టడం, గాజు పలక మీద గీయడం లాంటి చిట్కాలు వదిలేయండి. వెంట్రుక కాలకపోతే రాయి వేడిని లాగేసిందని అర్థం, ఆ పని వేరే రాళ్ళూ చేస్తాయి. క్వార్ట్జ్ కూడా గ్లాసుని గీస్తుంది. చల్లగా ఉండటం ఏ రాయికైనా ఉండే గుణమే.

ఎ, బి, సి... ఇక్కడే అసలు తేడా

రెండో ప్రశ్న, దీనికి ఏం చేశారు? వ్యాపారంలో జేడైట్‌ని టైప్‌లుగా పిలుస్తారు. కోసి, పాలిష్ పట్టి, పైపైన మైనం పూసింది టైప్ ఎ. మరకలున్న రాయిని ఆసిడ్‌లో నానబెట్టి మచ్చలు పోగొట్టి, ఆసిడ్ తిన్న సందుల్లోకి రెజిన్ ఎక్కించింది టైప్ బి. రంగు ఎక్కించింది టైప్ సి. రెజిన్, రంగు రెండూ ఉంటే బి ప్లస్ సి.

టైప్ బి గాజు కూడా జేడైటే కదా, అమ్మేవాడు ‘అసలు జేడ్’ అంటే తప్పెలా పట్టగలం? సాంద్రత కూడా దాదాపు అదే వస్తుంది. కానీ ఆసిడ్ వల్ల రాయి అల్లిక దెబ్బతింటుంది, లోపలి రెజిన్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కొచ్చు. తరతరాలకి ఇవ్వాలనుకున్న గాజు అయితే ఇది చిన్న తేడా కాదు. అందుకే టైప్ ఎతో పోలిస్తే బి, సి రకాల విలువ ఎక్కడో కింద ఉంటుంది.

పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం ఉంటే కొన్ని గుర్తులు దొరుకుతాయి. రంగు పగుళ్ళ వెంట సన్నని దారాల్లా పేరుకుని ఉంటే టైప్ సి అనుమానం. ఉపరితలం మీద సాలెగూడులా సన్న గీతలుంటే ఆసిడ్ అనుమానం. గాజుని దారంతో వేలాడదీసి మెల్లగా తడితే టైప్ ఎ సాధారణంగా గంటలా ఖంగుమంటుంది, బి మొద్దుగా పలుకుతుంది. అయితే ఇవన్నీ అనుమానాలే. చివరి మాట ల్యాబ్‌దే. ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీలో రెజిన్ దొరికిపోతుంది. పెద్ద మొత్తం పెడుతున్నప్పుడు ఈ పరీక్ష తప్పించుకోవద్దు.

సర్టిఫికెట్ ఉంటే సరిపోదు, చదవాలి

‘సర్టిఫికెట్ ఉంది మేడమ్’ అనగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. సర్టిఫికెట్ టైప్ బికి కూడా ఇస్తారు! చూడాల్సింది అందులో ఏం రాశారన్నది. చైనాలో ట్రీట్ చేసిన జేడైట్‌కి పేరు పక్కనే ఆ సంగతి రాయాలి. ‘హెతియన్ జేడ్’ అని ఉంటే రాయి షిన్‌జియాంగ్‌లోని హెతియన్‌లోనే దొరికిందని అనుకోవద్దు. అక్కడి పద్ధతిలో అది రాయి రకం పేరే తప్ప ఊరి చిరునామా కాదు. హాంకాంగ్‌లో జేడైట్ జాతి రాయిని ‘ఫెయి చుయి’ అంటారు. నిర్మాణాన్నీ సహజ రంగునీ మార్చే ట్రీట్‌మెంట్ జరగని రాయినే ‘నేచురల్ ఫెయి చుయి’ అనాలని 2016 నుంచి అక్కడ చట్టమే ఉంది. కాబట్టి అక్కడ కొంటే బిల్లు మీద సరిగ్గా ఆ మాటే రాయమని అడగండి.

ఇంకో జాగ్రత్త. కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, స్క్రీన్ మీద వివరాలు కనిపించాయి కదా అని సంబరపడొద్దు. ఆ కోడ్ మిమ్మల్ని ఏ వెబ్‌సైట్‌కైనా తీసుకెళ్ళగలదు. అచ్చం ల్యాబ్ సైట్‌లా ఉండే పేజీ తయారుచేయడం మా వృత్తిలోవాళ్ళకి ఒక పూట పని. ల్యాబ్ చిరునామా మీరే వెతికి, టైప్ చేసి, సర్టిఫికెట్ నంబర్ కొట్టి చూడండి. అక్కడి ఫొటో, బరువు, కొలతలు మీ చేతిలోని గాజుతో సరిపోవాలి.

సైజు, పగులు

మూడో ప్రశ్న గాజు పరిస్థితి గురించి. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి మెల్లగా తిప్పుతూ చూడండి. లోపల గీత కనిపిస్తే గోటితో పైన రాయండి. గోరు తట్టుకుంటే అది పగులు కావొచ్చు, ఏదో ఒక రోజు అక్కడే విరగొచ్చు. తట్టుకోకపోతే రాయి ఏర్పడినప్పటి సహజమైన గీత అయ్యే అవకాశం ఎక్కువ.

అక్కడ సైజులు లోపలి వ్యాసాన్ని బట్టి, మిల్లీమీటర్లలో చెబుతారు. మన లెక్కలో 2.2 సైజంటే 54, 2.4 అంటే 57, 2.6 అంటే 60, 2.8 అంటే సుమారు 63 మిల్లీమీటర్లు. జేడ్ గాజు మందంగా ఉంటుంది కాబట్టి, వీలైతే వేసుకుని చూశాకే కొనండి. సబ్బు నీళ్ళు రాసి చెయ్యి ముడిచి ఎక్కించడం అక్కడా మామూలే, మన గాజులవాళ్ళు చేసినట్టే.

గాజు పగిలితే మన దగ్గర అశుభమని మనసు చివుక్కుమంటుంది. చైనాలో నమ్మకం దీనికి తలకిందులు. మనిషికి రావాల్సిన గండాన్ని గాజు తన మీదికి తీసుకుని పగిలిందంటారు. విరిగిన ముక్కల్ని బంగారు తొడుగులతో కలిపి మళ్ళీ వేసుకుంటారు. అయితే ఎక్కడో ఒకచోట బంగారు తొడుగున్న పాత గాజు కనిపిస్తే, అందం కోసం వేశారా, విరుగు దాచడానికి వేశారా అని అడగాలి.

రాయి వెనక మనుషులు

ప్రపంచంలో పేరున్న జేడైట్‌లో ఎక్కువ భాగం మయన్మార్ కచిన్ రాష్ట్రంలోని పకాంట్ గనులదే. అక్కడ యంత్రాలు తవ్విపోసిన మట్టి గుట్టల్లో మిగిలిన రాళ్ళ కోసం వేలమంది పేదలు వెతుకుతుంటారు. 2020 జులై 2న వానలకి ఒక గుట్ట జారి గని నీటిగుంటలో పడింది. లేచిన బురద అల 170 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2015 నవంబర్‌లోనూ అలాంటి ప్రమాదంలో వందమందికి పైగా పోయారు. 2021లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక, అక్కడి ప్రభుత్వ రత్నాల సంస్థ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది.

ఇది తెలిశాక కొందరు సేకర్తలు కొత్త గాజులు మానేసి, చేతులు మారిన పాత గాజులే కొంటున్నారు. ఇంకొందరు గ్వాటెమాలా జేడైట్ వైపో, కెనడా నెఫ్రైట్ వైపో చూస్తున్నారు. మాయా నాగరికతవాళ్ళు బంగారం కంటే గొప్పగా చూసుకున్నది ఆ గ్వాటెమాలా రాయినే.

దాచేటప్పుడు

ఒకటితో ఆపేవాళ్ళు కొందరే, రెండోది కొనగానే సేకరణ మొదలైనట్టే. గాజుల్ని ఒకదానికొకటి తగలకుండా మెత్తని గుడ్డలో విడివిడిగా చుట్టండి. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు చాలు. ఆసిడ్ క్లీనర్లు, అల్ట్రాసోనిక్ మెషిన్లు వద్దు. వంటింటి గ్రానైట్ గట్టు దగ్గర మాత్రం చెయ్యి జాగ్రత్త.

ప్రతి గాజుకీ ఒక చీటీ రాయండి. రాయి రకం, టైప్, బరువు, లోపలి వ్యాసం, మందం, సాంద్రత, ఎక్కడ ఎంతకి కొన్నారు, సర్టిఫికెట్ నంబర్, టార్చ్ వెలుగులో తీసిన ఫొటో. చీటీని గాజుతోపాటే ఉంచండి. రేపు మీ అమ్మాయో మనవరాలో ఆ గాజు ఎక్కించుకుని ‘ఇది ఒరిజినలేనా?’ అని అడిగితే, జవాబు మూడు ప్రశ్నలకీ విడివిడిగా అందులోనే ఉండాలి.